అనంతపురం ఎండల్లో ఆర్కటిక్ కేస్ ఫ్యాన్ హబ్

కంప్యూటర్ క్యాబినెట్‌లోని ఫ్యాన్లన్నింటినీ ఒకచోట కలిపి, వాటి వేగాన్ని మదర్‌బోర్డు అదుపులో ఉంచే చిన్న పరికరం ఆర్కటిక్ కేస్ ఫ్యాన్ హబ్. దీనికి పది ఫ్యాన్ల వరకు తగిలించుకోవచ్చు. పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసే మా తమ్ముడి కంప్యూటర్‌లో దీన్ని వేసవికి ముందే బిగించాను. ఎండాకాలమూ, దాని వెనకే వచ్చే గాలికాలమూ గడిచాక, ఇది మన ప్రాంతానికి ఎంతవరకు పనికొస్తుందో చెప్పగలిగే స్థితిలో ఈ సమీక్ష రాస్తున్నాను. ఫ్యాన్లతో పాటు క్యాబినెట్ లైట్ల సంగతి కూడా రాయక తప్పదు. మన దుకాణాల్లో ఈ రెండింటినీ ఒకే పెట్టెలో కలిపి అమ్ముతున్నారు, చాలామంది ఇబ్బందులు అక్కడే మొదలవుతున్నాయి.

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటడం మామూలే. డాబా మీద కట్టిన గదిలో, ఏసీ లేకుండా, మధ్యాహ్నం పూట కంప్యూటర్ పీల్చుకునే గాలే వేడిగా ఉంటుంది. క్యాబినెట్ ఫ్యాన్ ఎంత ఖరీదైనదైనా గదిలోని గాలిని లోపలికి తెచ్చి బయటికి పంపగలదే తప్ప ఆ గాలిని చల్లబరచలేదు. గదిలో 38 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల అంతకంటే తక్కువ ఉండడం అసాధ్యం. 26 డిగ్రీల ఏసీ గదిలో కూర్చుని ఎవరో చేసిన పరీక్షలో ప్రాసెసర్ చూపిన ఉష్ణోగ్రతకు, ఫ్యాన్లు అదే వేగంతో తిరుగుతున్నప్పుడు, ఇక్కడ సుమారు పన్నెండు డిగ్రీలు కలుపుకోవాలి. ఇక జూన్ నుంచి ఆగస్టు వరకు రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలే ఊళ్లలోకి దుమ్మును మోసుకొస్తుంది. ఫ్యాన్లు అవసరం లేనప్పుడు కూడా పూర్తి వేగంతో తిరుగుతుంటే ఆ దుమ్మంతా జల్లెడల మీద, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటుంది. కాబట్టి ఇక్కడి కంప్యూటర్‌కు ఫ్యాన్ల సంఖ్య కంటే ఫ్యాన్లు ఎప్పుడు ఎంత వేగంతో తిరుగుతున్నాయన్నది ముఖ్యం. ఆ నిర్ణయం ఉష్ణోగ్రతను చూసి జరగాలి. నేను ఈ హబ్‌ను తూచిన తూకం ఇదే.

దీనికి ముందు ఆ క్యాబినెట్‌లో ఉన్నది రిమోట్‌తో పనిచేసే పెట్టె. దాని పేరుతో పనిలేదు, ఎందుకంటే అదే తరహా పెట్టెలు ఎన్నో పేర్లతో దొరుకుతున్నాయి. అనంతపురంలోని కమలానగర్ వైపు దుకాణాల్లో అడిగినా, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి అడిగినా, తక్కువ ధర క్యాబినెట్‌తో పాటు ముందుగా చూపించేది వాటినే. ఒక్కో ఫ్యాన్ నుంచి ఆరు పిన్నుల తీగ వస్తుంది. మోటారుకు కావలసిన విద్యుత్తు, లైట్లకు కావలసిన సంకేతం రెండూ ఆ ఒక్క తీగలోనే ఉంటాయి. కంప్యూటర్ భాగాలన్నిటికీ విద్యుత్తు పంచే ఎస్‌ఎంపీఎస్ నుంచే ఈ పెట్టె విద్యుత్తు తీసుకుంటుంది, మదర్‌బోర్డుతో దానికి ఏ సంబంధమూ ఉండదు. తీగలు తక్కువ, బిగించడం తేలిక, చూడడానికి ముచ్చటగానూ ఉంటుంది. "రిమోట్ ఉంది కదన్నా, ఎండాకాలం పెంచుకుంటారు, చలికాలం తగ్గించుకుంటారు, అంతే కదా" అని అమ్మే వ్యక్తి మా తమ్ముడితో అన్నాడు. ఆ మాటలో మోసమేమీ లేదు, ఆ పెట్టె చేయగలిగింది నిజంగా అంతే.

అయితే ఎడిటింగ్ కంప్యూటర్ వేడెక్కేది కాలాన్ని బట్టి మాత్రమే కాదు. క్లిప్పులు వరుసగా పేర్చుకుంటున్నంతసేపు ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. రెండు గంటల పెళ్లి వీడియోను ఎక్స్‌పోర్ట్‌కు, అంటే పూర్తయిన ఫైలుగా తయారుచేయడానికి, పెట్టిన మరుక్షణం ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి భారంతో పనిచేస్తాయి. ఆ క్షణంలో మనిషి పక్కనే కూర్చుని రిమోట్ నొక్కాలంటే కుదిరే పని కాదు. ఎక్స్‌పోర్ట్ పెట్టి భోజనానికి వెళ్లడమే అందరి అలవాటు. దానికి తోడు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె పాత అమరికను మరచిపోయి, ఫ్యాన్లను మధ్యస్థ వేగానికి, లైట్లను ఏడు రంగుల పరుగుకు తెచ్చి పెట్టేది. రాత్రంతా ఎక్స్‌పోర్ట్ నడుస్తున్న గదిలో ఆ రంగుల పరుగు ఎవరికీ అవసరం లేదు. రిమోట్‌లోని చిన్న సెల్ అయిపోతే, కొత్తది తెచ్చేదాకా ఫ్యాన్లు ఎక్కడున్నవి అక్కడే.

హబ్ విలువ తెలియాలంటే ఫ్యాన్ల తీగల గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మూడు పిన్నుల ఫ్యాన్‌లో ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది తిరుగుడు లెక్క చెప్పే తీగ. దాని వేగం తగ్గించాలంటే వోల్టేజినే తగ్గించాలి. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు 12 వోల్టులు ఎప్పుడూ నిండుగానే అందుతాయి, నాలుగో తీగ మీద వచ్చే పీడబ్ల్యూఎం సంకేతం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఈ సంకేతం సెకనుకు సుమారు 25,000 సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ప్రతిసారీ ఎంతసేపు ఆన్‌లో ఉందన్న నిష్పత్తిని బట్టి ఫ్యాన్ తన వేగాన్ని సర్దుకుంటుంది. మనిషి చెవి వినగలిగే హద్దు సెకనుకు సుమారు 20,000 కంపనాలే కాబట్టి ఈ ఆన్, ఆఫ్‌లు మోతగా వినపడవు. ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. నాలుగో తీగ ఊడిపోయినా, సంకేతం రాకపోయినా ఫ్యాన్ ఆగిపోదు, పూర్తి వేగానికి వెళుతుంది. అంటే లోపం వచ్చినప్పుడు చప్పుడు పెరుగుతుందే కానీ కంప్యూటర్ మాడిపోదు.

మదర్‌బోర్డు మీద ఉండే ఒక్కో ఫ్యాన్ హెడర్, అంటే ఫ్యాన్ తీగను గుచ్చే పిన్నుల చోటు, సాధారణంగా 1 ఆంపియర్ వరకు, అంటే 12 వాట్ల వరకు ఇవ్వగలదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కోటి 0.1 నుంచి 0.3 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, కదలడం మొదలుపెట్టే క్షణంలో ఇంకా ఎక్కువ. మా క్యాబినెట్‌లో ముందు మూడు, పైన రెండు, వెనక ఒకటి, మొత్తం ఆరు ఫ్యాన్లున్నాయి. ఒక్కోదానికి 0.2 ఆంపియర్ల చొప్పున వేసుకున్నా 1.2 ఆంపియర్లు అవుతుంది. ఒకే హెడర్‌కు, ఒక తీగను పలు తీగలుగా చీల్చే స్ప్లిటర్ తీగ పెట్టి వీటన్నిటినీ తగిలిస్తే హద్దు దాటినట్టే. ఆర్కటిక్ హబ్ ఈ చిక్కును సూటిగా తీరుస్తుంది. ఫ్యాన్లకు కావలసిన విద్యుత్తును, హార్డ్‌డిస్క్‌లకు విద్యుత్తు ఇచ్చే సాటా కనెక్టర్ ద్వారా నేరుగా ఎస్‌ఎంపీఎస్ నుంచి తీసుకుని, మదర్‌బోర్డు నుంచి వేగపు సంకేతాన్ని మాత్రం గ్రహించి అన్ని ఫ్యాన్లకూ పంచుతుంది. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు మోయగలదు, మొత్తం 4.5 ఆంపియర్లు. ఆరు ఫ్యాన్లకు ఇది ధారాళంగా సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎస్‌ఎంపీఎస్‌లో సాటా తీగ మిగల్లేదని పాత తరహా నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక కనెక్టర్‌ను మధ్యలో పెట్టకూడదు. తీగల చుట్టూ ప్లాస్టిక్‌ను కరిగించి పోసి చేసే ఆ కనెక్టర్లలో, లోపల తీగలు ఒకదానికొకటి తగిలి వేడెక్కి మాడిపోయిన సందర్భాలు ఎక్కువ. తీగ లేకపోతే హార్డ్‌డిస్క్‌కు వెళ్లే సాటా తీగలోనే ఖాళీగా ఉన్న రెండో కనెక్టర్‌ను వాడుకోవడం మేలు. పరికరం ఎంత మంచిదైనా దానికి విద్యుత్తు చేరవేసే ఇరవై రూపాయల ముక్క మంచిది కాకపోతే ప్రయోజనం లేదు.

హబ్ తయారీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చిన్నది, తేలికైనది, లైట్లు లేవు, ఫ్యాన్ తీగలు గుచ్చే గడుల మధ్య ఎడం సరిపోతుంది. మదర్‌బోర్డు వెనక వైపు, తీగలు దాచే ఖాళీలో, రెండు వైపులా జిగురుండే టేపుతో అతికించాను. మే నెల వేడికి కూడా అది ఊడి రాలేదు. అతికించే ముందు ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వడం మంచిది, ఎందుకంటే మన ఇళ్లలో క్యాబినెట్ రేకు మీద కంటికి కనపడని దుమ్ము పొర ఎప్పుడూ ఉంటుంది. నేను కొన్నప్పుడు ఇది వెయ్యి రూపాయల లోపే పడింది. ఊళ్లో దొరకక ఆన్‌లైన్‌లో తెప్పించాను.

బిగించడం ఎంత తేలికో, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) అమర్చడం అంత జాగ్రత్తగా చేయవలసిన పని. మొదటిది, హబ్ తీగను తగిలించిన హెడర్‌ను బయాస్‌లో పీడబ్ల్యూఎం పద్ధతికి మార్చాలి. అది డీసీ పద్ధతిలోనో, ఆటోలోనో ఉండి మదర్‌బోర్డు వోల్టేజిని తగ్గిస్తూ కూర్చుంటే హబ్‌కు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే దాని విద్యుత్తు వేరే దారిన వస్తోంది. ఫలితంగా ఫ్యాన్లన్నీ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటాయి. "హబ్ పెట్టాను, వేగం తగ్గడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో ముందుగా చూడవలసింది దీన్నే. రెండోది, ఆ హెడర్ ఏ ఉష్ణోగ్రతను చూసి పనిచేయాలో ఎంచుకోవడం. క్యాబినెట్ ఫ్యాన్ల హెడర్లు కొన్ని బోర్డుల్లో మొదట మదర్‌బోర్డు ఉష్ణోగ్రతను చూస్తుంటాయి. అది నెమ్మదిగా పెరిగేది కనుక ఎక్స్‌పోర్ట్ మొదలైన చాలాసేపటికి గానీ ఫ్యాన్లకు చురుకు రాదు. దాన్ని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు మార్చాను.

ఆ తర్వాత గీసుకోవలసింది ఉష్ణోగ్రతకూ వేగానికీ మధ్య గీత. మన వేసవిని దృష్టిలో పెట్టుకుని నేను పెట్టినవి ఇవి: ప్రాసెసర్ 50 డిగ్రీల లోపు ఉన్నంతవరకు 35 శాతం, 65 డిగ్రీల దగ్గర 55 శాతం, 75 దగ్గర 80 శాతం, 85 దాటితే నూటికి నూరు. చల్లటి ఊళ్లలో ఉండేవారు 40 డిగ్రీల దగ్గరే గీతను పైకి లేపుతారు. ఇక్కడ అలా చేస్తే మే నెలలో కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు కూడా ఫ్యాన్లు పరుగులు పెడుతూనే ఉంటాయి, ఎందుకంటే గది ఉష్ణోగ్రతే ఆ దరిదాపుల్లో ఉంటుంది. వేగం పెరగడానికీ తగ్గడానికీ మధ్య కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టే వీలు కూడా చాలా బయాస్‌లలో ఉంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత క్షణంలో పది డిగ్రీలు ఎగిసి పడిపోతుంటుంది కాబట్టి ఆ ఆలస్యం లేకపోతే ఫ్యాన్ల చప్పుడు నిముషానికి నాలుగుసార్లు లేచి పడుతూ వినేవారిని విసిగిస్తుంది.

వేగం తగ్గించడం వల్ల కలిగే లాభం చాలామంది ఊహించే దానికంటే ఎక్కువ. ఫ్యాన్ వేగాన్ని సగం చేస్తే అది తోసే గాలి కూడా సుమారు సగమవుతుంది. కానీ అది వాడే విద్యుత్తు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎడిటింగ్ చేసేవారికి ఇది సౌకర్యం మాత్రమే కాదు, వృత్తికి సంబంధించిన విషయం కూడా. నాదస్వరం వెనక సన్నగా వినిపించే హోరు రికార్డింగ్‌లో ఉందా, గదిలో ఉందా అని తేల్చుకోలేక మా తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసి పెట్టి చూసే అలవాటు ఒకటి ఉండేది. ఇప్పుడు క్లిప్పులు కోసుకుంటున్నంతసేపు క్యాబినెట్ నుంచి చెప్పుకోదగ్గ చప్పుడు రావడం లేదు. ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే ఫ్యాన్లు మెల్లగా అందుకుంటాయి, పని ముగిసిన కాసేపటికి వాటంతటవే శాంతిస్తాయి. ఎవరూ ఏదీ నొక్కనవసరం లేదు. కరెంటు పోయి వచ్చినా అమరిక బయాస్‌లోనే భద్రంగా ఉంటుంది.

బయాస్ పద్ధతికి ఒక పరిమితి ఉంది. బయాస్‌కు చాలావరకు గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత తెలియదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌పోర్ట్ భారం గ్రాఫిక్స్ కార్డు మీదికి మళ్లినప్పుడు ప్రాసెసర్ చల్లగానే ఉండి, కార్డు మాత్రం మరిగిపోతుంటుంది. క్యాబినెట్ ఫ్యాన్లు అప్పుడు 35 శాతం దగ్గరే నిద్రపోతాయి. దీనికి విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చక్కటి పరిష్కారం. ప్రాసెసర్‌కు ఒక గీత, గ్రాఫిక్స్ కార్డుకు ఒక గీత విడివిడిగా గీసుకుని, రెండింటిలో ఏది ఎక్కువ వేగం అడిగితే దాన్నే ఫ్యాన్లకు పంపమని అందులో చెప్పవచ్చు. లినక్స్ వాడేవారికి కూలర్‌కంట్రోల్ ఇదే పని చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌ను మూసేస్తే సాధారణంగా బయాస్‌లోని గీతే మళ్లీ అమల్లోకి వస్తుంది కనుక, సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా బయాస్‌లో గీతను సరిగ్గా గీసి ఉంచడం మానకూడదు. హబ్ ఈ ఏర్పాటుకు ఎక్కడా అడ్డు రాలేదు. మదర్‌బోర్డు పంపిన సంకేతాన్ని మార్చకుండా అందరికీ చేరవేయడమే దాని పని, ఆ పని అది నిక్కచ్చిగా చేస్తోంది.

ఇక లైట్లు. ఆర్కటిక్ హబ్‌కు లైట్లతో సంబంధం లేదు. కొందరికి ఇది లోపంగా కనిపించవచ్చు, నాకు మాత్రం ఇదే దీనిలోని పెద్ద గుణం. ఫ్యాన్ వేడిని చూసి నడవాలి, లైటు మనిషి ఇష్టాన్ని బట్టి వెలగాలి. ఈ రెండింటినీ ఒకే పెట్టెకు అప్పగిస్తే లైట్ల భాగంలో వచ్చిన చిన్న చెడుపుకు ఫ్యాన్లను కూడా మార్చవలసి వస్తుంది. ఆరు పిన్నుల ఫ్యాన్ల విషయంలో జరిగేది సరిగ్గా అదే. ఆ ఆరు పిన్నుల అమరిక ఒక కంపెనీకి ఒక రకంగా ఉంటుంది. పెట్టె చెడిపోతే అదే కంపెనీ పెట్టె దొరకాలి, దొరకకపోతే తిరుగుతున్న ఆరు ఫ్యాన్లూ వృథా. నాలుగు పిన్నుల ఫ్యాన్ తీగ, లైట్ల కోసం ఉండే మూడు పిన్నుల ఏఆర్‌జీబీ తీగ విడివిడిగా వచ్చే ఫ్యాన్లను కొంటే ఏ ముక్కకు ఆ ముక్కను మార్చుకోవచ్చు.

లైట్ల తీగల్లో రెండు రకాలున్నాయి, వీటిని కలగలిపితే నష్టం వెంటనే జరుగుతుంది. నాలుగు పిన్నుల ఆర్‌జీబీ 12 వోల్టులది. అందులో పట్టీ మొత్తం ఒకేసారి ఒకే రంగులో వెలుగుతుంది. మూడు పిన్నుల ఏఆర్‌జీబీ 5 వోల్టులది. అందులో ప్రతి ఎల్‌ఈడీకీ సొంత చిప్ ఉండి, విడివిడిగా రంగు మార్చుకుంటుంది. 5 వోల్టుల ఫ్యాన్ లైట్లను 12 వోల్టుల హెడర్‌కు తగిలిస్తే ఎల్‌ఈడీలు మాడిపోతాయి, వాటిని బాగుచేయడం కుదరదు. మదర్‌బోర్డు మీద ఈ హెడర్ల పేర్లు కంపెనీని బట్టి మారతాయి. ఎమ్‌ఎస్‌ఐ బోర్డుల్లో జేఆర్‌జీబీ అంటే 12 వోల్టులది, జేరెయిన్‌బో అంటే 5 వోల్టులది. పేరు చూసి ఊహించే కన్నా బోర్డుతో వచ్చిన పుస్తకంలో వోల్టేజిని చూసి తగిలించడం క్షేమం. ఏఆర్‌జీబీ కనెక్టర్ మీద బాణం గుర్తు ఉంటే అది 5 వోల్టుల పిన్ను వైపు ఉండేలా పెట్టాలి.

లైట్ల కోసం నేను వాడుతున్నది మదర్‌బోర్డులోని 5 వోల్టుల హెడర్లు రెండు, ఒక్కోదానికి మూడు ఫ్యాన్లను కలిపే మామూలు స్ప్లిటర్ తీగ. ఇక్కడ కూడా లెక్క వేసుకోవాలి. చాలా బోర్డులు ఒక్కో ఏఆర్‌జీబీ హెడర్‌కు 3 ఆంపియర్ల వరకు ఇస్తాయి. సాధారణ ఏఆర్‌జీబీ ఎల్‌ఈడీ తెలుపు రంగులో పూర్తి కాంతితో వెలిగితే 0.06 ఆంపియర్ల వరకు తీసుకోగలదు. ఒక ఫ్యాన్‌లో 12 ఎల్‌ఈడీలున్నాయనుకుంటే ఫ్యాన్‌కు 0.72, మూడు ఫ్యాన్లకు 2.16 ఆంపియర్లు. ఒక హెడర్‌కు మూడు ఫ్యాన్లు సరిపోతాయి. ఆరింటినీ ఒకే హెడర్‌కు పెడితే 4.32 అయి హద్దు దాటుతుంది. ఒకే హెడర్ ఉన్న బోర్డయితే సాటా నుంచి విద్యుత్తు తీసుకునే ఏఆర్‌జీబీ హబ్ కొనుక్కోవాలి. ఫ్యాన్ పెట్టె మీద లైట్లకు ఎన్ని ఆంపియర్లో విడిగా రాసి ఉంటే నా అంచనా కన్నా ఆ అంకెనే నమ్మాలి.

స్ప్లిటర్‌తో కలిపిన ఫ్యాన్లన్నీ ఒకే సంకేతాన్ని అందుకుంటాయి కాబట్టి మూడూ ఒకే తీరున వెలుగుతాయి. ఒక ఫ్యాన్ నుంచి ఇంకో ఫ్యాన్‌కు రంగు పారుతున్నట్టు కనపడాలంటే వాటిని ఒకదాని తోకకు ఇంకొకటి గొలుసులా కలపాలి. గొలుసులో ప్రతి ఎల్‌ఈడీ తనకు రావలసిన 24 బిట్ల సమాచారాన్ని తీసుకుని మిగతాది ముందుకు పంపుతుంది, భోజనాల పంక్తిలో విస్తరాకుల కట్ట చేతులు మారినట్టు. మధ్యలో ఒక చిప్ చెడిపోతే దాని తర్వాతివన్నీ ఆరిపోతాయి. స్ప్లిటర్‌లో ఒక ఫ్యాన్ లైటు పోయినా మిగతా రెండింటికీ ఏమీ కాదు. అందం తక్కువైనా నేను స్ప్లిటర్ వైపే మొగ్గాను. కొనేటప్పుడు ఒక్క మాట: కొన్ని స్ప్లిటర్ తీగలకు రెండు వైపులా గుచ్చుకునే చిన్న పిన్నుల ముక్కలు విడిగా వస్తాయి. అవి కింద పడితే మళ్లీ కనపడవు, కాబట్టి పిన్నులు కనెక్టర్‌లోనే బిగించి ఉన్న తీగ దొరికితే అదే తీసుకోవాలి.

లైట్లను నడిపే సాఫ్ట్‌వేర్ విషయంలో ప్రతి మదర్‌బోర్డు కంపెనీకీ తనదంటూ ఒకటుంది. ఆసుస్‌కు ఆర్మరీ క్రేట్, గిగాబైట్‌కు ఆర్‌జీబీ ఫ్యూజన్, ఎమ్‌ఎస్‌ఐకి మిస్టిక్ లైట్, ఆస్‌రాక్‌కు పాలీక్రోమ్ సింక్. రంగు మార్చడానికి ఇంత బరువైన సాఫ్ట్‌వేర్ ఎడిటింగ్ కంప్యూటర్‌లో వెనక నడుస్తూ ఉండడం నాకు నచ్చదు. ఓపెన్‌ఆర్‌జీబీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది, చాలా కంపెనీల బోర్డులను గుర్తిస్తుంది. 2023లో విండోస్ 11కు వచ్చిన డైనమిక్ లైటింగ్ అనే అమరిక కూడా ఉంది కానీ, దాన్ని అందుకునే పరికరాలకే అది ఉపయోగం. మా తమ్ముడు మెత్తటి తెలుపు రంగు ఒక్కటి ఎంచుకుని, కాంతిని మూడో వంతుకు తగ్గించి వదిలేశాడు. రంగులు సరిచూసే పని చేసేవారి పక్కన మెరిసే ఎరుపు, నీలం లైట్లు ఉంటే కంటికి తెర మీది రంగు తప్పుగా తోస్తుంది. ఆ వృత్తిలో ఉన్నవారు ఈ మాట పట్టించుకోవాలని నా కోరిక.

హబ్‌లో లోపాలు లేకపోలేదు. మొదటి గడికి తగిలించిన ఫ్యాన్ తిరుగుడు లెక్క మాత్రమే మదర్‌బోర్డుకు చేరుతుంది. రెండు ఫ్యాన్ల లెక్కలు ఒకే తీగ మీద కలిస్తే అంకె అర్థం లేకుండా పోతుంది కాబట్టి ఇలా చేయడంలో న్యాయం ఉంది. కానీ దాని ఫలితంగా మిగతా తొమ్మిది గడుల్లో ఏ ఫ్యాన్ ఆగిపోయినా కంప్యూటర్ హెచ్చరించదు. మన దుమ్ములో బేరింగ్ పట్టేసి ఫ్యాన్ ఆగిపోవడం అరుదైన విషయం కాదు. అందుకే జల్లెడలు శుభ్రం చేసే ప్రతిసారీ ఆరు ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో కంటితో చూసుకోవాలి, గాలికాలంలో ఆ పని ఇంకా తరచుగా చేయాలి. మొదటి గడిని ఖాళీగా వదిలితే ఫ్యాన్ వేగం సున్నా అని కనపడుతుంది. అదే హబ్‌ను ప్రాసెసర్ ఫ్యాన్ హెడర్‌కు పెట్టి ఉంటే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఫ్యాన్ లేదన్న హెచ్చరిక వచ్చి అక్కడే ఆగిపోవచ్చు. ప్రాసెసర్ ఫ్యాన్‌ను దాని సొంత హెడర్‌లోనే ఉంచి, హబ్‌ను క్యాబినెట్ ఫ్యాన్ హెడర్‌కు తగిలించడమే సరైన పద్ధతి.

రెండో పరిమితి ఇంకా ముఖ్యమైనది. గడులన్నీ ఒకే సంకేతాన్ని పంచుకుంటాయి కనుక ముందు ఫ్యాన్లను ఒక వేగంతో, పై ఫ్యాన్లను ఇంకో వేగంతో తిప్పడం ఒక హబ్‌తో కుదరదు. లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటే కాస్త ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము లోపలికి చొరబడదు, జల్లెడ ఉన్న దారినే గాలి వస్తుంది. దుమ్ము ఎక్కువగా ఉన్న మన ఊళ్లకు ఆ అమరికే తగినది. దీని కోసం నేను ముందు మూడింటినీ, పై రెండింటినీ హబ్‌లో పెట్టి, వెనక ఫ్యాన్‌ను మాత్రం విడిగా మదర్‌బోర్డుకే తగిలించి దాని వేగాన్ని తక్కువలో ఉంచాను. పై రెండింటిలో ముందు వైపున్న దాన్ని తిప్పి బిగించి లోపలికి గాలి తెచ్చేలా చేశాను, దాని మీద అయస్కాంతపు జల్లెడ కూడా పెట్టాను. గాలికాలం తర్వాత తెరిచి చూస్తే దుమ్ము జల్లెడల మీద దట్టంగానే ఉంది, లోపల మదర్‌బోర్డు మీద మాత్రం పలుచగా ఉంది.

మూడు పిన్నుల ఫ్యాన్లు ఉన్నవారికి ఈ హబ్ పనికిరాదు. వాటికి నిండుగా 12 వోల్టులు అంది, ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతాయి. అలాంటివారు హబ్ జోలికి పోకుండా, వోల్టేజి తగ్గించగల మదర్‌బోర్డు హెడర్లకే రెండేసి ఫ్యాన్ల చొప్పున తగిలించుకుని డీసీ పద్ధతిలో నడుపుకోవచ్చు. క్యాబినెట్‌లో ఫ్యాన్లు మూడే ఉన్నవారికి కూడా ఈ ఖర్చు అనవసరం. ఫ్యాన్ల మీద రాసిన ఆంపియర్లు కూడితే ఒకటి లోపే వస్తున్నప్పుడు నాలుగు పిన్నుల స్ప్లిటర్ తీగ చాలు. ఇప్పటికే ఆరు పిన్నుల ఫ్యాన్లు, రిమోట్ పెట్టె రెండూ ఉన్నవారు, పెట్టె నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే పీడబ్ల్యూఎం తీగ ఉందేమో ముందు చూసుకోవాలి. కొన్ని పెట్టెలకు ఆ తీగ ఉండి కూడా బిగించినవారు తగిలించకుండా వదిలేస్తుంటారు. అది ఉంటే తగిలించి బయాస్‌లో గీత గీసుకుంటే కొత్తగా ఏమీ కొననవసరం లేదు. లేకపోతే, ఫ్యాన్లు చెడిపోయేదాకా ఆగి, తర్వాతి సారి విడి తీగలున్న నాలుగు పిన్నుల ఫ్యాన్లతో పాటు ఈ హబ్‌ను తీసుకోవచ్చు.